పదకొండు సెక్షన్ల పనితనం

ప్రాణం కాపాడుకోవడానికి ఎదురుతిరిగినవాణ్ని శిక్షించకూడదని అందరూ అంటారు. ఆత్మరక్షణ అనే ఆ హక్కు ఎప్పుడు మొదలవుతుంది, ఎంతవరకు సాగుతుంది, ఎవరిమీద పనిచేస్తుంది? తేల్చి రాయడమే కష్టం. భారత శిక్షాస్మృతి 96 నుంచి 106 వరకు పదకొండు సెక్షన్లలో ఆ పని చేసింది. మెకాలే సారథ్యంలోని లా కమిషన్ ముసాయిదా 1837 నాటిది, చట్టమైంది 1860లో. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా దాదాపు అదే నిర్మాణాన్ని నిలుపుకుంది.

అందులో మణిపూస 40వ సెక్షన్. మొదటి దెబ్బ పడేదాకా ఆగమని అది అనదు. ప్రయత్నం వల్లగానీ బెదిరింపు వల్లగానీ ఒంటికి ఆపద వస్తుందన్న సహేతుకమైన భయం కలగగానే హక్కు పుడుతుంది. ఆ భయం ఉన్నంతసేపే నిలుస్తుంది. కత్తి పారేసి పారిపోతున్నవాణ్ని వెంటాడి నరికితే ఇక రక్షణ అనిపించుకోదు. భయం ఒక్కదాన్నే కొలతగా పెట్టి, మొదలూ తుదీ రెండూ గీసిన నేర్పు అది.

36వ సెక్షన్ ఇంకా సూక్ష్మం. మతిస్థిమితం లేని మనిషి చంపబోతే అతనికి శిక్ష ఉండదు. అయినా దాడికి గురైనవాడి హక్కు వీసమెత్తు తగ్గదు. ఎదుటివాడి నిర్దోషిత్వం నీ మెడమీది కత్తిని మొద్దుబార్చదు కదా!

హద్దులూ అంతే జాగ్రత్తగా గీశారు. పోలీసుల దగ్గరికి వెళ్లే వ్యవధి ఉంటే హక్కు లేదు, అవసరానికి మించి హాని చేయకూడదు అంటుంది 37వ సెక్షన్. ప్రాణం తీసేదాకా వెళ్లగల సందర్భాలను 38 లెక్కపెట్టి చెబుతుంది; యాసిడ్ దాడిని పాత శిక్షాస్మృతిలో 2013లోనే చేర్చారు. సదుద్దేశంతోనే హద్దు దాటి, ముందస్తు పథకం గానీ అవసరానికి మించి హాని చేసే ఉద్దేశం గానీ లేకుండా చంపినవాడి నేరం హత్య స్థాయినుంచి తగ్గుతుంది.

కోర్టులు ఈ పనితనాన్ని చెడగొట్టలేదు. రుజువు భారం నిందితుడిదే అయినా, తన వాదన నమ్మదగినదని చూపితే చాలు. అందుకు ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్నే వాడుకోవచ్చు. ప్రాణభయంలో కొట్టిన దెబ్బను బంగారం తూచే త్రాసులో పెట్టరాదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది.

లా విద్యార్థులకు నా మనవి: ఈ సెక్షన్లను గైడ్లలో కాక మూలంలో, ఉదాహరణలతో సహా చదవండి. దాడిని ఎదుర్కొన్నవాడి స్థానంలో నిలబడి తీర్పు చెప్పడం ఎలాగో అవి నేర్పుతాయి.