గ్రంథస్వామ్యమూ, పి.డి.ఎఫ్. పుస్తకమూ

తెలుగు పుస్తకం లోపలి పుటలో 'సర్వహక్కులు గ్రంథకర్తవి' అని ఒక పంక్తి అచ్చువేయడం చాలాకాలంగా వస్తున్న ఆచారం. ఇవాళ సెల్‌ఫోన్లలో చేతులు మారుతున్న పి.డి.ఎఫ్. ప్రతులలో ఆ పంక్తి కూడా స్పష్టంగా స్కానై కనిపిస్తుంది. ఈ వైచిత్రిని చూసి నవ్వి ఊరుకోవడానికి వీల్లేదు. దీని వెనక రచయిత బతుకూ వుంది, పాఠకుని ఆకలీ వుంది.

ఒక స్వానుభవం చెబుతాను. మా జిల్లా కథకుడొకాయన సొంత డబ్బుతో అయిదువందల ప్రతులు అచ్చు వేయించుకున్నాడు. రెండు నెలలు తిరక్కముందే ఆ పుస్తకం పి.డి.ఎఫ్. నా చేతికి వచ్చింది. దాన్ని మా తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. విద్యార్థులు శ్రద్ధగా చదివారు, చర్చించారు. తర్వాత ఆయన కనిపించి, "మీ పిల్లలు చదివారట మాస్టారూ, సంతోషం. మూడువందల ప్రతులు ఇంకా మా మంచం కిందనే వున్నాయి" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఈ సమస్య మీద రెండు వాదాలు వినవస్తున్నాయి. ఇది దొంగతనం, కఠినంగా శిక్షించాలి అనేది మొదటిది. శిక్షలకేం కొదవలేదు. 1957 నాటి కాపీరైటు చట్టం ఆరునెలల నుంచి మూడేళ్ల దాకా జైలు విధిస్తుంది. 2012 సవరణ, హక్కుల రక్షణకు పెట్టిన సాంకేతికమైన తాళాన్ని దురుద్దేశంతో పగలగొట్టినవాడికి రెండేళ్ల దాకా శిక్ష చేర్చింది. అయినా ఏం జరిగింది? 2013లో 'అత్తారింటికి దారేది' చిత్రం విడుదలకు ముందే చాలా భాగం బయటికి పొక్కింది. కోట్లు పెట్టుబడి పెట్టి, వకీళ్లను పెట్టుకోగలవారికే అసాధ్యమైనది, మంచం కింద కట్టలు దాచుకున్న కథకునికి సాధ్యమా?

విజ్ఞానం ప్రజలది, దానికి వెల కట్టరాదనేది రెండో వాదం. ఇందులో సత్యం లేకపోలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని జిరాక్సు దుకాణం మీద విదేశీ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. బోధన కోసం పాఠ్యభాగాలను ప్రతులు తీయడం హక్కుల ఉల్లంఘన కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ప్రగతివాదులు హర్షించవలసిన తీర్పే. కాని బహుళ దేశాల వ్యాపార సంస్థకు చెప్పిన సమాధానాన్ని మన కథకునికి అప్పజెప్పడం న్యాయం కాదు. కంపోజిటరుకు, బైండరుకు కూలి ఇచ్చి తీరాలంటాం. రచయిత దగ్గరికి వచ్చేసరికి సాహిత్యసేవ అంటాం. శ్రమకు విలువ వుందనే మన సిద్ధాంతం ఇక్కడ ఎందుకు ఆగిపోవాలి?

రెండు వాదాలలోనూ లోపం ఒకటే: పుస్తకాలన్నిటినీ ఒకే గాటన కట్టడం. నిజానికి ఇవి మూడు తరగతులు.

గురజాడ 1915లో మరణించారు. ఆయన రచనలు ప్రజల ఆస్తి. వాటిని తప్పుల్లేకుండా సరిచూసి ఉచితంగా అందించడం మన విధి.

కొడవటిగంటి కుటుంబరావు 1980లో మరణించారు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి లెక్కించే హక్కు గడువును 1992లో యాభై ఏళ్ల నుంచి అరవైకి పెంచారు. కనక ఆయన రచనల మీద హక్కు 2040 చివరిదాకా వుంటుంది. ఆయన పుస్తకాలు దొరుకుతాయి. ఆ తరంలోనే పేరు మరుగునపడ్డ రచయితల మాటేమిటి? అంగట్లో ప్రతి లేదు, వారసులెవరో తెలియదు. అటువంటి పుస్తకాన్ని స్కాన్ చేసినవాడు దొంగ కంటె గ్రంథపాలకునికే దగ్గరివాడు. హక్కుదారు జాడ తెలియనప్పుడు లైసెన్సు కోరే మార్గం చట్టంలోనే వుంది. ఆ దారి ఒంటరి పాఠకుడు నడవలేడు. రచయితల సంఘాలూ, విశ్వవిద్యాలయాలూ పూనుకోవాలి.

ఇక జీవించివున్న రచయితలు. అచ్చు ప్రతితోపాటే చౌకగా ఎలక్ట్రానిక్ ప్రతి కూడా వెలువడితే, కొనగల పాఠకుడు దొంగ ప్రతి వెతకడు. ఉచితంగా ఇవ్వదలచినవారు ఇవ్వవచ్చు. హక్కును వదులుకునే వీలు చట్టం కల్పించింది. కాని ఆ నిర్ణయం రచయితది కావాలి. ప్రచురణకర్తతో ఒప్పందంలో డిజిటల్ హక్కును విడిగా రాసుకోవాలి. హక్కు బదిలీకి గడువు రాయకపోతే అయిదేళ్లే చెల్లుతుందని చట్టం చెబుతున్నది. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు?

ఆ కథకుని దగ్గర ముప్పై ప్రతులు కొని మా కళాశాల గ్రంథాలయానికి ఇచ్చాను. నా తప్పు దానితో తీరిందనను. ఇప్పుడు గ్రూపులో ఏ పుస్తకం పెట్టబోయినా విద్యార్థులే రెండు ప్రశ్నలు అడుగుతున్నారు: రచయిత వున్నారా? పుస్తకం కొనడానికి దొరుకుతున్నదా? రెంటికీ అవునని జవాబు వస్తే, చందాలు వేసుకుని ప్రతులు తెప్పిస్తున్నాం.