కొండగుర్తూ నిరుక్తమూ

అర్థం తరువాత తెలుస్తుంది, ముందు నోటికి రానీయమంటూ వీధి అరుగు మీద అమరకోశపు మూడు కాండలనూ వల్లె వేయించిన గురుపరంపరలో చివరి తరంవారి వద్ద అక్షరాలు దిద్దుకొన్నవాణ్ణి గనుక, ఆంగ్లపదాలను నేర్పబూనిన ఈ గ్రంథపు వ్రాతప్రతితో నా పూర్వశిష్యుడు వచ్చి పీఠిక వ్రాయమన్నప్పుడు, ఇందులో ధారణకు ఇచ్చిన చోటెంతో అదే మొదట చూచాను.

ధారణకు ఉపాయాలు కల్పించడం మనకు కొత్త విద్య కాదు. ‘యమాతారాజభానసలగం’ అన్న అర్థంలేని ఒక్క మాటలో ఎనిమిది గణాలూ ఇమిడి ఉన్నాయని ఛందస్సు చదివినవారందరికీ తెలుసు. ధీరశంకరాభరణంలోని తొలి రెండక్షరాలకు కటపయాది పద్ధతిలో 9, 2 వేసి, అంకెలు తిరగవ్రాసి, అది 29వ మేళకర్త అని సంగీత విద్యార్థి తడుముకోకుండా చెబుతాడు.

గ్రంథకర్త ఏళ్ల తరబడి ఇంగ్లీషు పాఠం చెబుతూ, పిల్లలు ఏ మాట దగ్గర తడబడ్డారో నోటుపుస్తకాలలో గుర్తించుకొంటూ కూడబెట్టిన సామగ్రి ఇది. ‘గ్యారులస్’ అన్న మాట చూడండి. నోట్లో గారె ఉన్నా వాగుడు ఆపనివాడని దానికి ఇతడిచ్చిన కొండగుర్తు. చదివి నవ్వుకొన్నాను. ఆ క్రింది పంక్తిలోనే, గారెకూ ఈ మాటకూ చుట్టరికమేమీ లేదనీ, వదరుట అనే అర్థంగల లాటిన్ క్రియ దీనికి మూలమనీ స్పష్టం చేశాడు. ధ్వనిసామ్యం కనబడగానే ప్రపంచభాషలన్నీ మన పెరట్లో మొలిచినవేనని తీర్పు చెప్పే ఉత్సాహవంతులకు కొదవలేని ఈ రోజుల్లో, ఉపాయాన్నీ వ్యుత్పత్తినీ కలిపివేయని ఈ వివేకమే నాచేత కలం పట్టించింది.

1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల సాజాత్యాన్ని ప్రకటించిన నాటినుండి పండితులు త్రవ్వుతున్న గనిలోనివి ఇందులోని నిరుక్తాలు. పదవులకై తెల్లని వస్త్రం ధరించి తిరిగిన రోమనుల ఆచారం నుండి ‘క్యాండిడేట్’ పుట్టిందనీ, ఆ తెల్లదనాన్ని చెప్పే లాటిన్ మాటకు మన చంద్రశబ్దం సగోత్రమనీ చదివి ముచ్చటపడ్డాను. (మన అభ్యర్థులు ఆ వస్త్రమర్యాదను నేటికీ తప్పలేదు.) ‘డిజాస్టర్’లో ఉన్నది నక్షత్రం, చెడ్డ చుక్క వల్ల కలిగిన కీడని ఇటాలియన్‌లో పుట్టి ఇంగ్లీషులోకి వెళ్లిన ఆ మాటను, మన ముసలమ్మలు ఏ నిఘంటువూ తిరగవేయకుండానే గ్రహపాటు అన్నారు. అటు వెళ్లినవాటిలో మన సొత్తూ ఉంది: ‘బ్యాండికూట్’ మన గాదెలలోని పందికొక్కే.

కొన్ని కొండగుర్తులు మాత్రం లాగి కట్టినవి. రెండవ ముద్రణలో తీసివేయమన్నాను. పిల్లలు ఒప్పుకోరని నవ్వి ఊరుకొన్నాడు. తరగతి గది ఎరిగినవాడు అతడు గనుక నేను వాదించలేదు.

పాఠకులకు ఒక మనవి. దీనిని ఏకబిగిన చదివి ముగించకండి. పూటకొక పుట చాలు, అదైనా పైకి చదవండి.