ఇరిగిందా, ఇరగ్గొట్టినవా?

సాయంత్రం ఆరు దాటింది. బల్మూర్‌లో మా ఇంటి అరుగు మీద ఏడుగురు పిల్లలు, గోడకు ఆనించిన నల్లబల్ల. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు రాస్తుండగా సుద్దముక్క రెండు ముక్కలై కింద పడింది. నేను తలెత్తేలోపే వాడు అన్నాడు: “నేను ఇరగ్గొట్టలే సార్, సుద్దే ఇరిగింది.”

“సరే బిడ్డా, ఆ మాటే ఇంగ్లిషుల రాయి” అన్నాను. కాసేపు ఆలోచించి “చాక్ ఈజ్ బ్రోక్” అని రాశాడు.

ముప్పై ఏళ్లు బడిలో ఇంగ్లిషు చెప్పాను. ఇలాంటి ‘ఈజ్’ కనబడితే ఎర్ర సిరాతో సున్నా చుట్టి తరువాతి నోటుబుక్కు అందుకునేవాణ్ని. ఆ సాయంత్రం మాత్రం ఆ ‘ఈజ్’ దగ్గర ఆగిపోయాను. వాడు దాన్ని ఊరికే పెట్టలేదు. తెలుగులో ‘విరిగింది’ వేరు, ‘విరిచాడు’ వేరు. దానంతటదే జరిగిందా, ఎవరైనా చేశారా అన్న సంగతి మన క్రియే చెప్పేస్తుంది. ఇంగ్లిషు ‘బ్రేక్’లో ఆ తేడా కనబడక, తన తప్పు లేదని చెప్పడానికి వాడొక గుర్తు వెతుక్కున్నాడు. దొరికిన గుర్తు ‘ఈజ్’.

ఇలాంటి జంటలు మన ఇళ్లనిండా ఉన్నాయి. కట్టె కాలింది, కట్టె కాల్చిండు. చక్రం తిరిగింది, చక్రం తిప్పిండు. పాలు మరిగినయి, పాలు మరిగించింది. వ్యాకరణం వీటిని అకర్మక, సకర్మక క్రియలంటుంది. ఆ పేర్లు ఎత్తకముందే పిల్లలు అరుగు మీద పదిహేను జంటలు చెప్పేశారు. వీటిలో చాలావాటికి ఇంగ్లిషులో క్రియ ఒక్కటే. కాలినా, కాల్చినా ‘బర్న్’. తిరిగినా, తిప్పినా ‘టర్న్’. మరిగినా, మరిగించినా ‘బాయిల్’. మరి తేడా ఎట్లా తెలుస్తుంది? క్రియకు ముందు ఎవరున్నారు, వెనక ఏముంది అన్నదాన్ని బట్టి. ‘ది చాక్ బ్రోక్’ అంటే సుద్ద విరిగింది. ‘హీ బ్రోక్ ది చాక్’ అంటే వాడు విరిచాడు. చచ్చు, చంపు దగ్గరికి వస్తే ‘డై’, ‘కిల్’ అని ఇంగ్లిషు కూడా మనలాగే రెండు మాటలు పెట్టుకుంది. ఇలాంటివి పిల్లలు వెతికి పట్టుకొస్తారు. పట్టుకొచ్చినవి మరిచిపోరు.

ఇంగ్లిషులో మాటకు దాని చోటే బలం. నల్లమల అడవి అంచున ఉండే మా పిల్లలకు ఇది చెప్పడానికి పులి, జింక చాలు. ‘పులి జింకను చూసింది’ అన్న మూడు మాటలను ఆరు రకాలుగా మార్చి చెప్పవచ్చు. ఎట్లా చెప్పినా చూసింది పులే, ఎందుకంటే జింక వెంట ‘ను’ ఉంది. ఇంగ్లిషులో టైగర్‌ను, డీర్‌ను అటూ ఇటూ మారిస్తే చూసింది జింక అయిపోతుంది. మనకు విభక్తి చేసే పని అక్కడ స్థానం చేస్తుంది. ఈ ఒక్క మాట పట్టుబడితే, ‘సబ్జెక్ట్, వెర్బ్, ఆబ్జెక్ట్’ అని బట్టీ పట్టిన వరుస ఎందుకు అవసరమో పిల్లవాడికి అర్థమవుతుంది.

‘మా నాయిన రైతు.’ ఇది నిండు వాక్యం. ఇందులో క్రియ లేదు, ఉండాల్సిన పనీ లేదు. మన వ్యాకరణం దీన్ని క్రియారహిత వాక్యమని చెప్పి గౌరవంగా చోటిచ్చింది. ఈ వాక్యంతో పెరిగిన పిల్ల ‘మై ఫాదర్ ఫార్మర్’ అని రాస్తే, తెలుగు వ్యాకరణాన్ని తప్పులేకుండా పాటించిందన్నమాట. ఇంగ్లిషు వాక్యం క్రియ లేకుండా నిలవదు, కాబట్టి అక్కడ ‘ఈజ్’ కావాలి. నాయినను, రైతును కలిపే ముడి అది. ఈ సంగతి విడమరచకుండా ‘ఈజ్ పెట్టు, యామ్ పెట్టు’ అని గద్దించినన్నాళ్లు నా పిల్లలు ‘ఐ యామ్ గో’ అని కూడా రాశారు. ఆ తప్పు నా బోధనలోంచి వచ్చింది. ముడివేసే ‘ఈజ్’ ఒకటి, మరో క్రియకు తోడు నడిచే ‘ఈజ్’ ఇంకొకటి. ‘షీ ఈజ్ ఎ నర్స్’లో మొదటిది, ‘షీ ఈజ్ గోయింగ్’లో రెండోది. రెండింటినీ పక్కపక్కన రాసి చూపించడానికి పది నిమిషాలు చాలు.

వాక్యం నిలవాలంటే మాటల మధ్య యోగ్యత, ఆకాంక్ష, ఆసత్తి ఉండాలని మన పూర్వ శాస్త్రకారులు చెప్పారు. వీటిలో ఆకాంక్ష నాకు బాగా ఇష్టమైన మాట. ఒక పదం ఇంకో పదం కోసం ఎదురుచూడడమే ఆకాంక్ష. ఇంగ్లిషు క్రియలను నేనిప్పుడు దీంతోనే చెబుతున్నాను. ‘స్లీప్’కు నిద్రపోయేవాడు దొరికితే చాలు. ‘గివ్’ ఎవరు, ఎవరికి, ఏం అని మూడు అడుగుతుంది. ‘పుట్’ ఏం పెట్టావో చెప్పినా ఊరుకోదు, ఎక్కడ పెట్టావో చెప్పాలి. తెలుగులో ‘పుస్తకం పెట్టిన’ అని ఆగవచ్చు. ‘ఐ పుట్ ది బుక్’ అని ఆగితే వినేవాడు మిగిలిన మాట కోసం చూస్తుంటాడు.

పెద్ద పెద్ద వ్యాకర్తలు కూడా ఈ దారినే నడిచారు. జపాన్‌లో ఇంగ్లిషు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ 1954లో తెచ్చిన పుస్తకంలో క్రియలను ఇరవై ఐదు నమూనాలుగా విడదీశాడు. 1985లో రాండాల్ఫ్ క్వర్క్, మరో ముగ్గురు కలిసి రాసిన బృహత్ వ్యాకరణం మూల వాక్యాలను ఏడు రకాలకు కుదించింది. ఇరవై ఐదైనా, ఏడైనా, లెక్క పెట్టింది మాత్రం క్రియ తన చుట్టూ ఏమేం కోరుతుందనే.

క్రియ కోరినదాన్ని చెప్పకుండా వదిలేసే వెసులుబాటు మనకు ఎక్కువ. “బువ్వ తిన్నవా?” అంటే “తిన్న” అంటాం. తిన్నది నేనని క్రియ చివరే చెబుతుంది, ఏం తిన్నానో అడిగినవాళ్లకు తెలుసు. ఒక్క మాటలో పని అయిపోయింది. “సినిమా చూసినవా?” అంటే “చూసిన.” అదే అలవాటుతో పిల్లలు ‘ఐ సా’ అని ఆపేస్తారు. ఇంగ్లిషు అక్కడ ‘ఇట్’ అనే చిన్న మాటనైనా కోరుతుంది.

2022–23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది. పుస్తకాలు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిషుగా అచ్చయ్యాయి. తెలుగు పేజీ తిరగేసి వదిలేయకండని తోటి ఉపాధ్యాయులను బతిమాలుకుంటున్నాను. మా పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు పల్లి చేలల్లో, పత్తి చేలల్లో పని చేస్తారు. కొందరు వలస పోతారు. ఇంటికాడ ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు లేరు. ఐదేళ్లు నిండకముందే నేర్చుకున్న తెలుగు వ్యాకరణం మాత్రం ప్రతి పిల్లవాడి నోట్లో చెక్కుచెదరకుండా ఉంది. పై మెట్టు ఎక్కాలంటే కాలు ఆనేది ఈ మెట్టు మీదే.

ఇది కొత్త దారేమీ కాదు. దొరలు తెలుగు నేర్చుకోవలసి వచ్చినప్పుడు ఎ.డి. క్యాంబెల్ 1816లో, సి.పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాలను ఇంగ్లిషులో రాశారు. తమకు తెలిసిన భాష మీద నిలబడి తెలియని భాషను అందుకున్నారు. కలెక్టర్లకు, జడ్జీలకు ఆనాడు దక్కిన ఆ వీలు బల్మూర్ పిల్లలకు ఎందుకు దక్కకూడదు?

ఆ సాయంత్రం సుద్దముక్కల్లో పెద్దదాన్ని వాడి చేతికిచ్చాను. ‘బ్రేక్’ గురించి, చోటు గురించి చెప్పి, మళ్లీ రాయమన్నాను. ‘ఈజ్’ను అరచేత్తో తుడిచేసి “ది చాక్ బ్రోక్” అని రాశాడు. కింద, “ఐ డిడ్ నాట్ బ్రేక్” అని రాసి ఆగాడు. వెనక కూర్చున్న చెల్లె ఏదో అందించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. చేతిలో ఉన్న ముక్క వైపు ఒకసారి చూసి, చివర “ఇట్” అని చేర్చి చుక్క పెట్టాడు.

తెలుగులో వాడు అననే అనని మాట అది.