చర్మం నుంచి వస్త్రానికి: గోద్‌నా, కథరీ

స్త్రీలు ధరించే అలంకారాలలో పచ్చబొట్టుకు ఒక ప్రత్యేకత ఉన్నది. బంగారం తాకట్టుకు పోవచ్చు, వెండి దొంగలపాలు కావచ్చు. పచ్చబొట్టు మాత్రం ధరించినవారితోనే కాటికి పోతుంది. ఛత్తీస్‌గఢ్‌లో దీనిని గోద్‌నా అంటారు. తెలుగునాట ఎరుకల స్త్రీలు చేసిన ఈ పనిని అక్కడి మైదాన గ్రామాలలో దేవార్ స్త్రీలు, బైగా గిరిజనుల మధ్య బాదీ స్త్రీలు చేస్తూ వచ్చారు. వలిసెల నుంచి తీసిన మసిలో సూదులను ముంచి, నుదురు, చేతులు, వీపు, కాళ్లపై జీవితదశలను అనుసరించి బైగా స్త్రీకి పొడిచేవారు. మనిషితో అంతరించే ఇట్టి గుర్తును వస్త్రం మీదికి తీసుకురావడం సాధ్యమా, తెచ్చినపుడు అందులో నిలిచేదేమిటి అన్నది నేడు పరిశీలించవలసిన అంశం.

ఈ దిశగా జరిగిన కృషిలో సర్గుజా జిల్లా జమ్‌గలా గ్రామస్త్రీలది ముఖ్యమైనది. వారు గోద్‌నా నమూనాలను చీరలపైన, దుప్పట్లపైన కుంచెతో చిత్రించి, ఆ పనిని జీవనోపాధిగా మలచుకున్నారు. నొప్పి లేకుండా, వయోభేదం లేకుండా ఈ నమూనాలు అనేకుల ఇళ్లకు చేరినవి. ఇది చిన్న ప్రయోజనం కాదు. అయితే కళాదృష్టితో చూచినపుడు ఒక లోపం కనిపిస్తుంది. పచ్చబొట్టులో రేఖ నిజానికి రేఖ కాదు, చుక్కల వరుస. సూది ఆగిన ప్రతి చోటా ఒక చుక్క నిలుస్తుంది. కుంచె ఆ చుక్కలను కలిపివేసి నునుపైన గీతగా మారుస్తుంది. ఆకారం మిగులుతుంది గాని పొడిచిన చేతి లయ మిగలదు.

రామ్‌నామీల సంప్రదాయం ఇందుకు భిన్నమైన మార్గం చూపుతుంది. 1890ల దశకంలో చార్‌పారా గ్రామానికి చెందిన పరశురాం ప్రవర్తకుడుగా ఆరంభమైన ఈ సమాజంలో, అంటరానివారుగా ఆలయాలకు దూరమైన ప్రజలు రామనామాన్ని తమ దేహంపైనే పొడిపించుకున్నారు. అదే నామాన్ని నల్లని అక్షరాలతో నింపిన తెల్లని వస్త్రాన్ని కప్పుకున్నారు. ఇటీవలి తరాలలో ఒంటినిండా పొడిపించుకొనేవారు అరుదైనారు. వస్త్రం మాత్రం నిలిచింది. ఇక్కడ వస్త్రం దేహానికి నకలు కాదు, దేహం పలికిన మాటనే తానూ పలుకుతుంది. అర్థం తెలిసినవారే దానిని ధరించడం వలన చర్మం నుంచి వస్త్రానికి మారినా ఆ గుర్తు బరువు తగ్గలేదు.

ఈ రెంటినీ గమనించినపుడు బొంతపై దృష్టి నిలుపుట సమంజసమనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్ ఇండ్లలో కథరీ అనబడేది మన బొంతయే. పాతచీరలను పొరలుగా పరచి, దగ్గర దగ్గరగా పరుగుకుట్టు వేసి దానిని తయారుచేస్తారు. కుట్టులో దారం పైకి కనిపించి, లోనికి దిగి, మళ్లీ పైకి వస్తుంది. పచ్చబొట్టు చుక్కకు దీనికంటే దగ్గర బంధువు లేదు. రెండింటి పనిముట్టూ సూదియే. కనుక తల్లి ముంజేతిపై ఉన్న పచ్చబొట్టును కూతురు బొంతగా కుట్టదలచినపుడు, నమూనాను పెద్దది చేసి రంగుగుడ్డ అతికించడం కంటే, నల్లని లేదా ముదురాకుపచ్చ దారంతో చుక్కచుక్కగా కుట్టడమే ఉచితం. ఆ తల్లి కట్టి విడిచిన చీరయే అడుగుపొర అయితే, ఆ గుర్తుకు మరల ఒక దేహం లభించినట్లే.

అయితే ఒక మెలకువ అవసరం. పచ్చబొట్టు వ్యక్తిది, కులానిది, ఊరిది కూడ. సందర్భం వీడి కేవలం అందమైన అంచుగా మారినపుడు అది ఎవరిదీ కాకుండా పోతుంది. మిథిలలో 1970లలో జర్మన్ పరిశోధకురాలు ఎరికా మోజర్ ప్రోత్సాహంతో దుసాధ్ స్త్రీలు గోద్‌నా రీతిని కాగితంపైకి తెచ్చినపుడు, చానో దేవి వంటివారి పేర్లు చిత్రాలతోపాటు లోకానికి తెలిసినవి. కర్త పేరు నిలిచినందువలన ఆ రీతికి గౌరవం నిలిచింది. ప్రదర్శనశాలలలోను, విక్రయకేంద్రాలలోను "గిరిజన నమూనా" అన్న ఒక్క మాటతో సరిపెట్టే అలవాటు దీనికి విరుద్ధమైనది.

రాయపూర్ నగరంలోని పండ్రి బట్టల బజారుకు గాని, దానికి ఆవలనున్న మోవా వంటి పేటలకు గాని గుడ్డకు కొరత లేదు. ఒక్కొక్క గుర్తుకు అర్థం చెప్పగల వృద్ధులే నానాటికి తగ్గిపోతున్నారు. కనుక సాంస్కృతిక శాఖలు, సంగ్రహాలయాలు వస్తువుల కొనుగోలుతో తృప్తిపడరాదు. ఏ గుర్తు ఎవరిది, ఎప్పుడు పొడిచారు, ఏమని పిలిచారు అన్న వివరాలను కుట్టినవారి పేరుతో, వారి అనుమతితో నమోదు చేయాలి. ఆ చీటీ లేని బొంత చలి కాచగలదు గాని, ఎవరి కథనూ చెప్పలేదు.