పావలా తగ్గిన నొప్పి

జ్వరమెంత, నాడి యెంత, రక్తపీడన మెంత యని పూటపూటకు కొలిచి కేసుషీటులో వ్రాసిపెట్టు మన ఆసుపత్రులలో, రోగి యే బాధను భరింపలేక గడప త్రొక్కినాడో ఆ బాధకు మాత్రము ఆ కాగితముమీద తరచుగా ఒక గడియైనను ఉండదు. ఇది నన్ను చిరకాలముగా కలచుచున్న విషయము.

హెచ్చెల్సీ కాలువ నీరు పారినచోట వరియు, పారనిచోట వానను నమ్ముకొన్న వేరుసెనగయు, హగరి యేటి యొడ్డున ఇసుకదిబ్బలును గల ఈ కణేకల్లు సీమలో ఓర్చుకొనుట జనులకు పసినాటనే అలవడును. తుంటి యెముక విరిగిన వృద్ధుడు మంచపు ఇనుపకమ్మిని వ్రేళ్లు తెల్లబారునట్లు పట్టుకొని, ఊపిరి బిగబట్టి, "ఏమీ లేదు సా, ఓర్సుకుంటా" అనును. ఆ మాటను విని, ఆ వ్రేళ్లను చూడక ముందుకు సాగిన వైద్యుడు రోగిని పరీక్షింపనట్లే.

సున్న మొదలు పదివరకు అంకె చెప్పుమను పుస్తకపు ప్రశ్నకు అట్టివారు తెల్లబోయి చూతురు. కాని మందు పడిన గంటకు "రూపాయిలో పావలా తగ్గిండాది సా" అని తమంతట తామే చెప్పుదురు. ఇంతకంటె మంచి కొలమానము మనకేల? పావలా, అర్ధ, ముప్పావలా, రూపాయి: ఈ నాలుగు మెట్లు షీటులో వ్రాసికొనుటకును, మరల గంటకు అడిగి పోల్చుటకును చాలును. అడుగుటయు, ఊరక పడుకొన్నపుడు గాక, దగ్గించి, ప్రక్కకు ఒత్తిగిలజేసి అడుగవలెను. ఏలయన పొట్టకోత జరిగినవాడు నొప్పికి జంకి దగ్గకున్నచో కఫము నిలిచి ఊపిరితిత్తులు చెడును. మాటరాని పసివానికి ముఖము, కాళ్ల కదలిక, ఏడుపు, ఓదార్చిన ఊరడిల్లుట, ఇవియే సాక్ష్యములు.

పేరసిటమాల్ వంటి చౌకమాత్రయైనను, నొప్పి ముదిరినపిదప గాక గడియారమునుబట్టి ఆరుగంటల కొకమారు ఇచ్చినచో, మనము తలచినదానికంటె ఎక్కువ పని చేయును. సూదియే మందని నమ్మి డైక్లోఫెనాక్ కోరువారు పెక్కురు. ఎండలో రోజంతయు చేనుపని చేసి, దేహమున నీరింకిన కూలీకి ఆ సూది మూత్రపిండములను దెబ్బతీయగలదు గనుక, మొదట నీరు, తరువాతనే మందు.

మార్ఫిన్ సంగతి వేరు. కేన్సరు నొప్పికి మెట్లవారీ చికిత్సను ప్రపంచ ఆరోగ్యసంస్థ 1986లోనే ప్రకటించినది. కాని అంతకు ముందటి యేడు, 1985లో, వచ్చిన మాదకద్రవ్యముల చట్టము, నల్లమందును తానే చట్టబద్ధముగా పండించు ఈ దేశమున, మార్ఫిన్ మాత్రను రోగికి దుర్లభము చేసినది. 2014 సవరణతో పలు లైసెన్సులకు మారుగా రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు ఒక్కటి చాలునను దారి ఏర్పడినది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన ఆర్.డి.టి. అను స్వచ్ఛందసంస్థ వారి ఆసుపత్రి కణేకల్లులోనే యున్నది. జిల్లాకేంద్రమున సర్వజన వైద్యశాల యున్నది. ఇట్టి చోట్ల ఆ మాత్ర దొరకినగదా, హైదరాబాదు ఎమ్.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రిలో చికిత్స ముగించుకొని తిరిగివచ్చిన రోగి నాలుగుగంటల కొక మోతాదుకై మరల రైలెక్కనక్కరలేదు! ఆ చీటీ వ్రాయు చేయి, మార్ఫిన్ తెచ్చు మలబద్ధకమునకు మందునుగూడ అందే వ్రాయవలెను.