క్లాసుకు ముందురోజు సాయంత్రం

కోడింగ్ నేర్పినవాళ్లకు చప్పట్లు పడతాయి. ఆ క్లాసును నిలబెట్టినవాళ్ల పనితనం ఎవరి కంటా పడదు. 2014లో బెర్లిన్‌లో యూరోపైథాన్ సదస్సు జరిగినప్పుడు ఓలా సితార్స్కా, ఓలా సెండెట్స్కా ఆడవాళ్ల కోసం మొదలుపెట్టిన జాంగో గర్ల్స్ అనే కోడింగ్ శిక్షణను గమనిస్తే అదేమిటో తెలుస్తుంది.

వాళ్ల తెలివంతా ముందురోజు సాయంత్రంలోనే ఉందంటాను. ఆ పూట పాఠం ఉండదు, ఇన్‌స్టలేషన్ ఒక్కటే. ఒకరిది పాత విండోస్, ఇంకొకరిది మ్యాక్. ఆఫీసు ల్యాప్‌టాప్ తెచ్చినవారి దగ్గర అడ్మిన్ పాస్‌వర్డే ఉండదు. పెళ్లింట కూరగాయలు రాత్రే తరిగి పెట్టుకున్నట్టు, ఈ చిక్కులన్నీ అప్పుడే విప్పేస్తారు. లేకపోతే మర్నాడు సగం పూట వాటికే సరి. కొత్తవాళ్లేమో తప్పు తమదేనని నొచ్చుకుంటారు.

ముగ్గురికి ఒక కోచ్ అన్న లెక్క కూడా ఊరికే పెట్టింది కాదు. ముప్ఫైమంది ముందు చెయ్యెత్తి అడగలేని మనిషి, పక్కన కూర్చున్నవారిని మెల్లగా అడగగలదు. మంచి కోచ్ ఎంత తొందరున్నా ఆమె కీబోర్డు లాక్కోడు. (బాగా వచ్చినవాళ్లకు ఇదే అన్నిటికన్నా కష్టం!)

ప్లగ్గులు, వైఫై, భోజనాల సంగతి సరే, అవి ఎలాగూ చూసుకోవాల్సిందే. నాకు నచ్చేది లక్ష్యం ఎంచుకున్న తీరు. సిద్ధాంతాలతో విసిగించకుండా ఒక చిన్న బ్లాగు కట్టించి, పైథాన్‌ఎనీవేర్ అనే ఆన్‌లైన్ సేవలో పెట్టిస్తారు. సాయంత్రానికి ఆమె ఆ లింకును ఇంటికి పంపుతుంది, అమ్మ ఫోన్‌లో అది తెరుచుకుంటుంది.