స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు - సంపద - అర్హత

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమాన్ని గురించి మన అభ్యుదయ వర్గాలలో తరచు వినవచ్చే వాదం ఒకటి వుంది. బిల్ గేట్స్ తన ప్రోగ్రాములకు తాళం వేసి అమ్ముకొని కోట్లకు పడగలెత్తాడు. రిచర్డ్ స్టాల్‌మన్, లైనస్ టోర్వాల్డ్స్ వంటివారు తమ శ్రమఫలాన్ని లోకానికి ధారపోశారు. న్యాయమనేది వుంటే ఆ కోట్లు వీరికి దక్కవలసింది - అని. విద్యార్థులు ఈ మాట ఆవేశంతో అంటారు. సహాధ్యాపకులు కొందరు నిట్టూర్పుతో అంటారు. నాకు ఇందులో సానుభూతి కనిపిస్తుందే గాని ఆలోచన కనిపించదు. ఒకడికి అంత సంపద తగదని నిరూపించవలసిన చోట, అది మరొకడికి తగునని వాదించడం సింహాసనం మీది మనిషిని మార్చమని కోరడమే. సింహాసనం సంగతి ఎవరూ ఎత్తరు.

తెలుగు అధ్యాపకుడికి కంప్యూటరు గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ప్రోగ్రాము కూడా ఒక రచనే. దానికి మనిషి చదవగల మూలం వుంటుంది. యంత్రం మాత్రమే గ్రహించగల రూపం వేరే వుంటుంది. మూలాన్ని దాచిపెట్టి యంత్రరూపాన్ని మాత్రమే అమ్మడమంటే, కావ్యాన్ని వినిపిస్తాం గాని తాటాకులు ముట్టుకోనివ్వం అనడం వంటిది. వినవచ్చు; ప్రతి వ్రాసుకోరాదు, పాఠం దిద్దరాదు, వ్యాఖ్యానం చేయరాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అన్నప్పుడు స్వేచ్ఛ అంటే ఈ చదివే, దిద్దే, పంచే స్వేచ్ఛ. ఇంగ్లీషులో స్వేచ్ఛకూ ఉచితానికీ ఒకటే మాట కావడం వల్ల ఆ దేశాలలో చాలా గందరగోళం జరిగింది. తెలుగులో రెండు మాటలుండి కూడా మనం ఆ గందరగోళాన్ని అరువు తెచ్చుకున్నాం.

ఇక ఉద్యమానికి పునాది అయిన రచనను చూద్దాం. అమెరికాలో ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేస్తున్న స్టాల్‌మన్‌కు ఒక లేజర్ ప్రింటరు మూలప్రోగ్రాము అవసరమైంది. యంత్రంలో కాగితం ఇరుక్కుపోయినప్పుడు అందరికీ కబురందే ఏర్పాటు చేయాలని అతని ఉద్దేశం. ఆ మూలం వున్న మరొక విశ్వవిద్యాలయపు మనిషి, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి సంతకం చేశానని చెప్పి నిరాకరించాడు. ఒక పండితుడు సాటి పండితుడికి సాయం చేయనని ముందే అమ్ముడుపోయి వుండడం స్టాల్‌మన్‌కు కొట్టవచ్చినట్టు కనిపించింది. 1983 సెప్టెంబరులో గ్ను పథకం ప్రకటించాడు. 1984 జనవరిలో ఉద్యోగం వదిలాడు. 1985లో గ్ను ప్రణాళిక ప్రచురించాడు.

ఈ ప్రణాళికలో ఎక్కువ భాగం మన శాస్త్రగ్రంథాల పద్ధతిలో పూర్వపక్షం, సిద్ధాంతం అనే వరుసలో నడుస్తుంది. జీతం లేకపోతే ప్రోగ్రాములు ఎవరు వ్రాస్తారు? పోటీ నశించదా? సృష్టికర్తకు ప్రతిఫలం అర్హం కాదా? ఒక్కొక్క ఆక్షేపణా ఎత్తుకొని ఖండిస్తాడు. ప్రతిఫలం మాట వచ్చినచోట అతని జవాబు పదునుగా వుంటుంది. ప్రతిఫలానికి అర్హమైనది సంఘానికి చేసిన మేలు. ఆ మేలును సంఘం స్వేచ్ఛగా వాడుకోగలిగినప్పుడే అది మేలు. కొత్తది కనిపెట్టినందుకు బహుమానమైతే, దాన్ని బంధించినందుకు శిక్ష కూడా న్యాయమే కావాలి - అని ఆ వాదసారం. ఇంతవరకు నిలుస్తుంది.

కాని ఆ పక్కనే మరొక మాట వుంది. పనికి డబ్బు కోరడంలో తప్పులేదు, రాబడిని వీలైనంత పెంచుకోవాలనుకోవడంలోనూ తప్పులేదు, వాడే సాధనం హానికరం కాకపోతే చాలునంటాడు. అతడు దోషం చూసింది సంపాదించే పద్ధతిలో. సంపద ఒకచోట పోగుపడడంలో కాదు. మనవాళ్లు స్టాల్‌మన్‌ను సోషలిస్టుగా చదవడం అతనికీ అన్యాయం, సోషలిజానికీ అన్యాయం. మనిషి ఎలా ప్రవర్తించాలన్న ప్రశ్నకు అతని దగ్గర జవాబుంది. యంత్రాలు ఎవరి చేతిలో వున్నాయన్న ప్రశ్న అతని రచనలో తలుపు దాకా వచ్చి ఆగిపోతుంది. ప్రోగ్రామర్లు ఎలా బతకాలన్నదానికి బోధన, మరమ్మత్తు పనులు, విరాళాలు అని ఏకరువు పెట్టి, కంప్యూటరు కొన్నవారి మీద పన్ను వేసి ఆ డబ్బుతో ప్రోగ్రాములు వ్రాయించవచ్చునని ఒక సూచన చేశాడు. ప్రణాళిక మొత్తంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ పన్ను మాటే. దాన్ని అతడు కొన్ని వాక్యాలలో తేల్చేశాడు.

దీనికి ఎదురుగా నిలిచే రచన అంతకు తొమ్మిదేళ్ల ముందుది. 1976 ఫిబ్రవరిలో, ఇరవయ్యేళ్ల గేట్స్ కంప్యూటరు సరదాపరులకు ఒక బహిరంగలేఖ వ్రాశాడు. తన బేసిక్ ప్రోగ్రామును డబ్బివ్వకుండా నకలు తీసుకుంటున్నవారు దొంగలని దాని తాత్పర్యం. ఊరికే పనిచేసేవాడెవడని అందులో నిలదీశాడు. ఆ ప్రశ్నకు చరిత్ర జవాబు చెప్పింది. స్టాల్‌మన్ కంపైలరు 1987లో వచ్చింది. ఫిన్లాండు విద్యార్థి టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టి, మరుసటి ఏడు గ్ను లైసెన్సు కిందికి తెచ్చాడు. ప్రపంచంలో అత్యంత శక్తిమంతమైన అయిదువందల కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నాటికి ప్రతి ఒక్కటీ లినక్స్ మీదనే నడుస్తోంది. లాభాపేక్ష లేనిదే సృష్టి లేదన్న బూర్జువా సూత్రానికి ఇంతకన్న గట్టి ఖండన ఏ సిద్ధాంతగ్రంథమూ చేయలేదు.

ఆ లేఖలో చెప్పని సంగతి ఒకటుంది. గేట్స్ బృందం తయారుచేసినది బేసిక్ అనే భాషకు ఒక రూపం మాత్రమే. ఆ భాషను 1964లో డార్ట్‌మత్ కాలేజీ ఆచార్యులు కెమెనీ, కర్ట్జ్ తమ విద్యార్థుల కోసం కల్పించి, ఎవరైనా వాడుకొమ్మని వదిలిపెట్టారు. గేట్స్ బృందం తమ పనికి వాడినది హార్వర్డు విశ్వవిద్యాలయంలోని కంప్యూటరు. దాని ఖర్చు భరించింది అమెరికా రక్షణశాఖ. ఇద్దరు ఉపాధ్యాయుల భాష, ప్రజాధనంతో నడిచిన యంత్రం. పైన కొన్ని నెలల పని. కష్టం కాదనను. కాని దొంగతనం అనే మాట మొదట పలికే అర్హత ఎవరికుందో పాఠకులే ఆలోచించాలి.

శతకోటి డాలర్ల ఆస్తి అంటే ఏమిటో మనకు ఊహకు అందదు గనుక కాస్త లెక్క వేద్దాం. ఏడాదికి లక్ష డాలర్లు సంపాదించే నిపుణుడు, పైసా ఖర్చు పెట్టకుండా కూడబెడితే, వందకోట్ల డాలర్లు చేరడానికి పదివేల ఏళ్లు పడుతుంది. గేట్స్‌ను 1987లో, ముప్పైరెండేళ్లు నిండకముందే, వందకోట్ల డాలర్ల ధనికుడిగా లెక్కగట్టారు. మనిషికీ మనిషికీ తెలివిలో, ఓర్పులో తేడా వుంటుంది. పదివేల ఏళ్ల తేడా వుండదు. కనుక అది శ్రమఫలమనే మాటను పక్కన పెట్టవచ్చు.

ప్రత్యర్థుల వాదం ఇంతటితో ఓడిపోదు. వారిలో తెలివైనవాడు రాబర్ట్ నోజిక్. 1974లో ప్రచురించిన తన గ్రంథంలో అతడు బాస్కెట్‌బాల్ ఆటగాడి ఉదాహరణ తెచ్చాడు. పదిలక్షల మంది ఇష్టపూర్వకంగా తలా పాతిక సెంట్లు ఇచ్చారు, ఆటగాడు రెండున్నర లక్షల డాలర్ల ధనికుడయ్యాడు. ఇందులో అన్యాయం ఎక్కడ జరిగిందో చూపండి అని సవాలు. మా తరగతిలో ఇది చెబితే విద్యార్థులు ఒక నిమిషం మౌనంగా వుండిపోతారు. అలా మౌనంగా వుండడం మంచిదే. ఎదిరివాదం బలం తెలియనివాడు సొంతవాదం బలం తెలుసుకోలేడు. జవాబు వాస్తవంలోనే వుంది. మైక్రోసాఫ్ట్ చాలాకాలం కంప్యూటరు తయారీదారులతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం, తయారైన ప్రతి యంత్రానికీ రుసుము చెల్లించాలి. అందులో తన ప్రోగ్రాము పెట్టినా పెట్టకపోయినా. 1994లో అమెరికా ప్రభుత్వంతో రాజీ కుదిరేదాకా ఈ పద్ధతి సాగింది. ఆట చూడనివాడి దగ్గర కూడా టిక్కెట్టు వసూలు చేశారన్నమాట! నోజిక్ కథలో అభిమాని వున్నాడు. ఇక్కడ వున్నది గుత్తాధిపత్యం.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. స్వేచ్ఛాపక్షంలో కూడా కొందరికి కొంతకాలం సంపద పట్టింది. 1999 డిసెంబరు 9న వి.ఎ. లినక్స్ అనే కంపెనీ షేర్లు అమెరికా మార్కెట్టుకు వచ్చాయి. ముప్పై డాలర్లకు ఇచ్చిన షేరు సాయంత్రానికి 239 డాలర్లు దాటింది. ఆ కంపెనీ డైరెక్టర్లలో ఎరిక్ రేమండ్ ఒకడు. ఓపెన్ సోర్స్ అనే కొత్తపేరును ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు. లక్షాయాభై వేల షేర్లున్న ఆయన ఒక్కరోజులో కాగితం మీద మూడుకోట్ల అరవైలక్షల డాలర్ల ఆసామీ అయ్యాడు. వెంటనే, సంపద తనను ఆశ్చర్యపరచిందన్న అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం వ్రాశాడు.

ఆ వ్యాసంలో దాపరికం లేదు. అది దాని గుణం. డబ్బు మా సమాజాన్ని చెడగొట్టదు, డబ్బుకు లొంగేవాళ్లు ఎప్పుడో పెద్ద జీతాలకు వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు పనిమీది మమకారంతో వున్నవాళ్లు అని వాదిస్తాడు. అది నిజమేనని ఒప్పుకున్నా అతని ధనం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న మిగిలేవుంది. తనకు అర్హత వుందా లేదా అన్నది తప్ప, వేలమంది వ్రాసిన రచన మీద నలుగురికి షేర్లు ఎలా పుట్టాయన్నది అతని దృష్టికి రాదు. పేరుప్రతిష్ఠలే జీతమనుకొని పనిచేసే సమాజమని అతడు వర్ణించిన సమాజంలో, కొందరికి పేరు, కొందరికి షేర్లు ఎందుకయ్యాయి? ఆ షేర్లు మరుసటి ఏడాదిలోనే కుప్పకూలాయి. అందుకు సంతోషించనవసరం లేదు. ధర నిలిచివుంటే అర్హత వున్నట్టు, పడిపోతే లేనట్టు అవుతుందా?

అదే సంవత్సరం ఆగస్టులో రెడ్‌హ్యాట్ కంపెనీ షేర్లు అమ్మకానికి వచ్చినప్పుడు జరిగినది నాకు ఇంతకన్న విలువైన పాఠంగా తోస్తుంది. ఆ కంపెనీ స్వేచ్ఛా ప్రోగ్రాములు వ్రాసినవారికి కృతజ్ఞతగా, తొలి ధరకే షేర్లు కొనుక్కొమ్మని ఉత్తరాలు పంపింది. అమ్మకం నడిపిన దళారీ సంస్థ వారి ఆదాయం ఎంత, షేర్లలో అనుభవం ఎంత అని ప్రశ్నపత్రం పెట్టి, చాలామందిని మొదట అనర్హులుగా తేల్చింది. రచన చేసినవాడికి దాని మీద పెట్టుబడి పెట్టే అర్హత లేదు! ఇదొక వింత కాదు, ఆ వ్యవస్థ లోపలి తర్కం. 2019లో ఐ.బి.ఎం. ఆ కంపెనీని 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

మూలం అందరిదీ అయిన తరువాత కూడా సంపద కొందరి దగ్గరికే ఎలా చేరుతున్నది? గ్ను లైసెన్సు ప్రకారం, మార్చిన ప్రోగ్రామును ఇతరులకు అందజేసినప్పుడు మూలాన్ని కూడా ఇవ్వాలి. కాని వేలాది యంత్రాలున్న కంపెనీ దాన్ని ఎవరికీ అందజేయదు. తన యంత్రాల మీద తానే నడిపి, సేవను అద్దెకిస్తుంది. లైసెన్సు షరతు వర్తించదు. ఈ సందు పూడ్చడానికి 2007లో వేరొక లైసెన్సు తెచ్చారు. పెద్ద కంపెనీలు దాని ఛాయలకు పోవు. చెరువు ఊరిదే, మోటారు మాత్రం మోతుబరిది. నీళ్లు ఎవరి పొలానికి పోతాయో మన రైతుకు చెప్పనవసరం లేదు.

చెరువు గట్టు మట్టి వేసేవాడి సంగతి 2014 ఏప్రిల్‌లో బయటపడింది. ప్రపంచంలోని బ్యాంకులూ దుకాణాలూ రహస్యాలు కాపాడుకోవడానికి వాడే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాములో పెద్ద లోపం కనిపించింది. అప్పటికి దానిమీద పూర్తికాలం పనిచేస్తున్నవాడు దాదాపు ఒక్కడు. ఏడాదికి వచ్చే విరాళాలు రెండువేల డాలర్లు. మళ్లీ 2024 మార్చిలో ఎక్స్.జెడ్. అనే చిన్న ప్రోగ్రాములో ఎవరో దొంగదారి పెట్టినట్టు తేలింది. దాన్ని ఏళ్ల తరబడి జీతం లేకుండా కనిపెట్టుకొని వుండి అలసిపోయిన మనిషికి సాయం చేస్తానని వచ్చి, అతని నమ్మకం సంపాదించి, ఆ పని చేశారు. అలసటను కనిపెట్టిన వాడు శత్రువు కావడం, ఆ ప్రోగ్రాము మీద ఆధారపడిన కంపెనీలలో ఒక్కటీ కాకపోవడం గమనించండి.

ఇక్కడ మన సాహిత్య సంప్రదాయం ఒక ప్రమాదం తెచ్చిపెడుతుంది. కృతిని రాజుకు ఇవ్వనన్న పోతన కథ మనకు చిన్ననాటి నుంచి ఇష్టం. కనకాభిషేకం పొందిన శ్రీనాథుడు చివరికి కష్టాలపాలయ్యాడన్న కథ కూడా ఇష్టమే. ఆ కళ్లతో స్టాల్‌మన్‌ను చూసి చేతులు జోడిస్తాం. త్యాగాన్ని పొగిడేవాళ్లందరూ త్యాగం చేసినవాళ్లు కారు. ప్రయోజనం పొందుతున్నవాళ్లు ముందు వరుసలో నిలబడి పొగుడుతుంటారు. పోతన పేరుతోనే వున్న తెలుగు లిపిని తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. తాళం వేసిన లిపులలో కూర్చిన మన పత్రికల పాతసంచికలు ఇవాళ వేరొక యంత్రంలో తెరిస్తే అర్థంలేని గీతలు. ఆ దానం విలువ నాకు తెలుసు. కాని తెలుగు లిపి కోట్లమంది అవసరం. అది ఒకరి ఉదారబుద్ధి మీద ఆధారపడి వుండడం మనకు గర్వకారణమేమీ కాదు.

ఇంజనీరింగు కాలేజీలలో మన పిల్లలు స్వేచ్ఛా ప్రోగ్రాములకు రాత్రింబగళ్లు పనిచేస్తున్నారు. ఎందుకని అడిగితే ఉద్యోగపు ఇంటర్వ్యూలో చూపించడానికని దాపరికం లేకుండా చెబుతారు. ఇది దానమా, వెట్టా? రెండింటికీ మధ్య గీత గీయగలిగేది జీతం ఒక్కటే. టిమ్ బెర్నర్స్-లీ వరల్డ్ వైడ్ వెబ్‌ను కల్పించినప్పుడు, పలు ప్రభుత్వాల డబ్బుతో నడిచే సెర్న్ సంస్థలో జీతగాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని అందరికీ వదిలిపెట్టింది. అక్కడ ఋషీ లేడు, కుబేరుడూ లేడు. నెలజీతం, పని, పంపకం వున్నాయి. గేట్స్ తరువాతికాలంలో ఇచ్చిన భారీ విరాళాలు దీనికి సాటిరావు. ఏ జబ్బుకు ఎంత డబ్బు అన్నది అక్కడ దాత నిర్ణయిస్తాడు. రోగులకు ఓటు లేదు.

జర్మనీ ప్రభుత్వం 2022లో ఇటువంటి మూలాధార ప్రోగ్రాములను కాపాడేవారికి డబ్బివ్వడానికి ఒక నిధి పెట్టింది. స్టాల్‌మన్ 1985లో కొన్ని వాక్యాలలో వదిలేసిన సూచనకు ఇది దూరపు చుట్టం. తేడా ఏమిటంటే, అతడు కంప్యూటరు కొన్నవారి దగ్గర వసూలు చేయమన్నాడు. ఇది సాధారణ పన్నులనుంచి, అంటే ఎక్కువభాగం జీతగాళ్ల దగ్గరనుంచి వస్తున్నది. మోటార్ల సొంతదారులు ఇంకా గట్టు మీదనే వున్నారు.